ముందు కొలత టేపు, తర్వాతే సాల్వేజ్ యార్డు

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లోని మోజ్లీలో మేము గత ఏడాది ఒక టెర్రస్ ఇల్లు, అంటే పక్క ఇళ్లతో గోడలు కలిసిన వరస ఇల్లు, కొన్నాము. 1894లో కట్టినట్టు కాగితాల్లో ఉంది. 1970 ప్రాంతంలో ఎవరో దీని పాత సొగసంతా తీసేశారు. ఫైర్‌ప్లేస్‌లు మూసేశారు, తలుపులన్నీ నున్నటి అట్టల్లా ఉన్నాయి, ముందు గది సీలింగ్ కిందికి దించారు, కిటికీలు ప్లాస్టిక్‌వి పెట్టారు. హాల్లో కార్పెట్ ఎత్తి చూస్తే రంగుల టైల్స్, కొన్ని పగిలినవి, కనిపించాయి. పాత ఇళ్ల సామాను అమ్మే సాల్వేజ్ యార్డుల్లో తలుపులు, కిటికీలు, ఫైర్‌ప్లేస్‌లు కొని మళ్లీ అమర్చుకోవాలని మా కోరిక. ఒక యార్డులో తెల్ల పాలరాతి ఫైర్‌ప్లేస్ చూశాము. శనివారం దాకా మాకోసం ఉంచుతామన్నారు. మావారు కొనేద్దామంటున్నారు. మాకు నాలుగేళ్ల పాప ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: శనివారం సంగతి ముందు తేల్చేద్దాం. ఆ పాలరాతి ఫైర్‌ప్లేస్‌కు ఇప్పుడు డబ్బు కట్టకండి. అది మంచి సరుకే కావచ్చు, కానీ గోడలో మూసేసిన మీ పొయ్యిగూడు ఇంకా తెరవనే లేదు కాబట్టి అది అక్కడ పడుతుందో లేదో చెప్పే ఆధారం ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. పైగా "విక్టోరియన్" అన్నది చాలా పెద్ద సంచి. విక్టోరియా రాణి 1837లో గద్దెనెక్కి 1901లో కన్నుమూసింది. ఆ 64 ఏళ్లలో ఇళ్ల అలంకరణ ఎన్నోసార్లు మారింది. తెల్ల పాలరాతి చట్రం, దాని లోపల కమాను ఆకారపు పోత ఇనుప పొయ్యి అన్నది 1850ల నుంచి 1870ల దాకా కలవారి ముందు గదుల్లో బాగా నడిచిన పద్ధతి. మీ ఇల్లు కట్టిన 1894 నాటికి ఇలాంటి టెర్రస్‌లలో పొయ్యికి రెండు పక్కలా టైల్స్ పేర్చిన పోత ఇనుప ఫైర్‌ప్లేస్, దాని చుట్టూ చెక్క చట్రమో స్లేటు రాతి చట్రమో ఇనుప చట్రమో ఉండడం మామూలైపోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కాలపు ఇంట్లో గదులన్నీ సమానం కావు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టే ముందు గదికి లోతైన కార్నిస్ (గోడా సీలింగూ కలిసే చోట ప్లాస్టర్ అంచు), ఎత్తైన స్కర్టింగ్ (గోడ అడుగున చెక్క పట్టీ), ఖరీదైన ఫైర్‌ప్లేస్ పెట్టేవారు. వెనక గదికి అవే కాస్త సాదాగా ఉండేవి. పై పడకగదులకు ఒకే ముక్కగా పోసిన చిన్న ఇనుప పొయ్యి సరిపోయేది. వంటింటికీ పనిమనిషి గదికీ అలంకారమన్నదే ఉండేది కాదు. మన మండువా ఇళ్లలో వీధి గుమ్మానికి లతలు చెక్కించి పెరటి తలుపును ఉత్త చెక్కలతో వదిలేసినట్టే ఇదీనూ. యార్డుల్లో మన కంటికి ముందు ఆనేవి పెద్ద విల్లాల నుంచి వచ్చిన సరుకులు. పదమూడడుగుల గదిలో అవి కొత్త అల్లుడిలా బిగుసుకుని కూర్చుంటాయి. పాత వస్తువులతో ఇల్లు చెడగొట్టుకున్నవాళ్లను నేను తక్కువ మందిని చూడలేదు. వాళ్లలో చాలామంది చేసిన పొరపాటు నకిలీ సరుకు కొనడం కాదు, అసలు సరుకే తమ ఇంటి స్థాయికి మించింది కొనడం.

కాబట్టి మీ మొదటి మజిలీ యార్డు కాదు, మీ ఇల్లే. మీరు పోయాయనుకుంటున్నవాటిలో సగం అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. తలుపులనే తీసుకోండి. 1960లలో బీబీసీ టెలివిజన్‌లో బారీ బక్‌నెల్ అనే ఆయన ఇంటి పనులు సొంతంగా చేసుకోవడం నేర్పేవారు. పాత పలకల తలుపుల మీద హార్డ్‌బోర్డు కొట్టి నున్నగా, "ఆధునికంగా" చేసుకోవడాన్ని ఇంటింటికీ చేర్చినవారిగా ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. పాత ఇళ్లంటే ఇష్టమున్నవాళ్లు ఆయన్ను తిట్టుకుంటారు గానీ, నేను మాత్రం లోలోపల దండం పెట్టుకుంటాను, ఎందుకంటే ఆ బోర్డు కింద అసలు తలుపు భద్రంగా మిగిలింది. మీ తలుపు అంచును పక్కనుంచి చూడండి. మధ్యలో మందపాటి చెక్క, దానికి అటూ ఇటూ మూడు నాలుగు మిల్లీమీటర్ల గోధుమరంగు పొర కనిపిస్తే లోపల నాలుగు పలకల పైన్ తలుపు ఉన్నట్టే లెక్క. తట్టి చూసినా తెలుస్తుంది. పలకలున్న చోట బోలుగా, చుట్టూ చట్రం ఉన్న చోట గట్టిగా మోగుతుంది.

అయితే ఉలి పట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆ రోజుల్లో తలుపులకూ మూసిన ఫైర్‌ప్లేస్‌లకూ హార్డ్‌బోర్డుతోపాటు ఆస్‌బెస్టాస్ కలిసిన బోర్డు కూడా వాడేవారు. బ్రిటన్‌లో దాని వాడకం పూర్తిగా నిషేధించింది 1999లోనే. హార్డ్‌బోర్డు గోధుమరంగులో ఉండి, ఒక వైపు నున్నగా, రెండో వైపు గుడ్డ నేతలాంటి గీతలతో ఉంటుంది. బూడిదరంగులోనో తెల్లగానో ఉండి, అంచు సుద్దలా రాలుతున్నట్టు కనిపిస్తే దాన్ని ముట్టుకోకండి, రంధ్రం వేయకండి. నమూనా తీయించి పరీక్షకు పంపండి. కిందికి దించిన సీలింగ్ మీద గరుకు పూత ఉంటే దానికీ ఇదే మాట వర్తిస్తుంది.

తలుపు బయటపడ్డాక దాని మీది పాత రంగుల గురించి నేను కాస్త గట్టిగానే చెప్పాలి, మీ ఇంట్లో చిన్న పాప ఉంది కనుక. ఆ వయసు తలుపుకు సీసం కలిసిన రంగు ఉందనే అనుకోవాలి. సాధారణ వాడకానికి అలాంటి రంగుల అమ్మకం బ్రిటన్‌లో ఆగింది 1992లో. యార్డు నుంచి తెచ్చే తలుపులు, స్కర్టింగ్‌లు కూడా ఆ రంగును మోసుకునే మీ ఇంటికి వస్తాయి. పొడిగా గరుకు కాగితం పట్టి రుద్దకండి, మంటతో కాల్చకండి. దుమ్ములో, పొగలో వెళ్లే సీసం పిల్లల మెదడుకు చేసే హానిని వెనక్కు తిప్పలేము. రంగు గట్టిగా అతుక్కునే ఉంటే దాన్ని తీయాల్సిన పనే లేదు, పైన కొత్త పూత వేసి మూసేయడం అన్నిటికన్నా క్షేమం. తీయక తప్పని చోట రసాయన లేపనంతో మెత్తబరచి తడిగానే గీకాలి. దుమ్ముకు పనికొచ్చే పీ3 మాస్కు కట్టుకోవాలి, గీకిన చెత్త అప్పటికప్పుడు సంచిలో మూటకట్టాలి, పాప ఆ రోజు ఇంట్లో ఉండకూడదు.

రంగంతా తీసేసి తేనెరంగు పైన్ చెక్కను మెరిపించాలని మీకు ఉండవచ్చు. నాకూ ఒకప్పుడు ఉండేది. నా మొదటి ఇంటికి నాలుగు తలుపులు కొని, రంగు ఊడదీయడానికి కాస్టిక్ సోడా తొట్టిలో ముంచేవాళ్ల దగ్గరికి పంపాను. వారం తర్వాత వచ్చినప్పుడు చూడముచ్చటగానే ఉన్నాయి. శీతకాలంలో హీటింగ్ వేయగానే చెక్క ఎండి కుంచించుకుపోయి, చట్రం అతుకుల దగ్గర గోరు పట్టేంత సందులు వచ్చాయి. వసంతానికి వార్నిష్ కిందనుంచి ఉప్పులాంటి తెల్లటి పొడి పైకి తేలింది. ఒక రోజు గాలికి పడకగది తలుపు కొట్టుకుని కింది అడ్డచెక్క ఒక పక్క ఊడి చేతికొచ్చింది. ఆ కాలపు తలుపుల్ని జంతువుల తోలు, ఎముకలు కాచి తీసిన జిగురుతో అతికేవారు. తొట్టిలోని క్షారం రంగుతోపాటు ఆ జిగురునూ తినేసింది, తగినంత కడగనందువల్ల మిగిలిన సోడా చెక్కలోనే ఉండిపోయింది. ఇంత చేసి నేను సాధించింది విక్టోరియన్ తలుపూ కాదు. చవక పైన్ చెక్కను వాళ్లు ఎన్నడూ నగ్నంగా వదల్లేదు. రంగు వేసేవారు, లేదా దాని మీద ఓక్ చారల్ని కుంచెతో దిద్దించేవారు. ఉత్త పైన్ తలుపు 1970ల మోజు, అంటే మీ ఇంటిని చెడగొట్టిన కాలపు మోజే.

నిజంగా తలుపులు తక్కువైతే అప్పుడు యార్డుకు వెళ్లండి. తలుపు కొలతగా 2 అడుగుల 6 అంగుళాల వెడల్పు, 6 అడుగుల 6 అంగుళాల ఎత్తు తరచుగా కనిపిస్తుంది గానీ, దాన్ని నమ్ముకుని వెళ్లకూడదు. 130 ఏళ్లలో ఇల్లు ఒక పక్కకు కుంగి ఉంటుంది. ద్వారబంధం వెడల్పును పైన, మధ్యలో, కింద కొలవండి, ఎత్తును రెండు పక్కలా కొలవండి, మూల నుంచి మూలకు రెండు కొలతలూ తీసుకోండి. ఒక పిసరు పెద్ద తలుపు కొని చిత్రిక పట్టించుకోవడమే మేలు, అయితే ఏ పక్కా అర అంగుళానికి మించి తగ్గించవద్దు, ఇంకా కోస్తే లోపలి అతుకులు బయటపడి తలుపు బలం పోతుంది. తాళం ఉన్న పక్క, బందులు ఉన్న పక్క మీ గుమ్మానికి సరిపోతాయో లేదో అక్కడే చూసుకోండి. ఆ ఇళ్లలో తలుపును గదిలోకి తెరుచుకునేలా, తెరవగానే గదిలోని మనుషులు కనిపించకుండా అడ్డుపడేలా బిగించేవారు, అది మనకు తిరగేసి బిగించినట్టు అనిపిస్తుంది. దాన్ని సరిచేయబోకండి. చలికాలంలో ఒకసారి ఆ తలుపు వెనక కూర్చుంటే ఈదురుగాలిని అది ఎలా ఆపుతుందో తెలుస్తుంది. మేడ మీద అటకను గదిగా మార్చిన ఇల్లయితే మెట్ల వైపు తలుపులకు అరగంట మంటను ఆపే శక్తి కావాలని నిబంధన పడవచ్చు. పాత తలుపు పెట్టే ముందు కౌన్సిల్‌లో కట్టడాల నిబంధనలు చూసే బిల్డింగ్ కంట్రోల్‌ను అడగండి.

ఇక ఫైర్‌ప్లేస్. ముందు గదిలో పొయ్యిగూడు గోడ ముందు కార్పెట్ మూల ఎత్తి నేల చూడండి. చెక్క పలకల నేల మధ్య దీర్ఘచతురస్రంగా రాయో సిమెంటో కనిపిస్తే అది పాత పొయ్యి ముందరి అరుగు. దాని వెడల్పే పోయిన ఫైర్‌ప్లేస్ చట్రం వెడల్పును దాదాపుగా చెప్పేస్తుంది. గోడ మీది కాగితం తీసినప్పుడు ప్లాస్టర్‌లో వేరే రంగు అతుకు గీత కనిపిస్తుంది, అది పోయిన చట్రం నీడ. పక్కింటివాళ్లను పరిచయం చేసుకోండి. టెర్రస్‌లో వరస ఇళ్లన్నీ సాధారణంగా ఒకే మేస్త్రి కట్టినవి, వాళ్లింట్లో అసలుది మిగిలి ఉంటే ఏ పుస్తకమూ దానికి సాటి రాదు. మా వీధిలో ఇలా టీ తాగడానికి వెళ్లి, మూడిళ్ల అవతల, మా ఇంట్లో పోయిన పొయ్యికి అచ్చు జతగా ఉన్నదాన్ని చూశాను. ఆ ఇంటావిడ దాని మీద కుండీలు పెట్టుకున్నారు.

కొలతలు చేతికొచ్చాక కొనేటప్పుడు వెనక వైపు తిప్పి చూపించమనండి. పాత పోతలో ముందు పూలు, ఆకులు అంచులు తేరి ఉంటాయి. పాత ముక్క నుంచే అచ్చు తీసి పోసిన కొత్త నకలులో ఆ అంచులు సబ్బు అరిగినట్టు మొద్దుబారి ఉంటాయి. వజ్రాకారపు రిజిస్ట్రేషన్ ముద్ర కనిపిస్తే ఆ నమూనా 1842కూ 1883కూ మధ్యది. "ఆర్‌డి" అన్న అక్షరాల పక్కన అంకె ఉంటే 1884 లేదా ఆ తర్వాతది. మీ ఇంటికి రెండోదే వయసుకు తగిన సంబంధం. నాణెంతో తట్టండి. పగులు లేని ఇనుము గంటలా మోగుతుంది, పగిలింది చప్పగా పలుకుతుంది. వెనక పలక పగిలితే భయపడనక్కర్లేదు, అది దొరుకుతుంది, కానీ ముందు చట్రం పగిలితే వదిలేయండి. పక్కల టైల్స్ ఒక్కో వైపు ఐదు, ఒక్కోటి 6 అంగుళాలది, అంటే 152 మిల్లీమీటర్లు. పదీ ఒకే జత కావడం అరుదు, అందుకే ధర అక్కడ పెరుగుతుంది. ఒకటి రెండు తక్కువైన జతను తక్కువకు కొని, ఆ లోటును ఓపిగ్గా వెతికి పూడ్చుకోవడం నాకు ఇష్టమైన పద్ధతి.

బిగించే పని మాత్రం సొంతంగా వద్దు. చట్రం బరువు గోడకు ఇనుప కొక్కేలతో కట్టేసి ఉండాలి, జిగురు మీద ఆనుకుని ఉండకూడదు. అంచు పట్టుకుని వేలాడే వయసు మీ పాపది. మంట వేయాలనుకుంటే పొగగొట్టాన్ని శుభ్రం చేయించి, పొగ పరీక్ష పెట్టించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించాలి. ఈ పనికి హెటాస్ (కట్టెలు, బొగ్గు పొయ్యిల పనివారిని నమోదు చేసే సంస్థ) నమోదున్నవారిని, గ్యాస్ పెడితే గ్యాస్ సేఫ్ నమోదున్నవారిని పిలవండి. 1952 నాటి లండన్ పొగమంచు విషాదం తర్వాత 1956లో వచ్చిన క్లీన్ ఎయిర్ చట్టం పొగ నియంత్రణ ప్రాంతాలను తెచ్చింది. బర్మింగ్‌హామ్ ఆ పరిధిలోదే కాబట్టి ఇలాంటి తెరిచిన పొయ్యిలో కట్టెలు కాల్చకూడదు, పొగ రాని అనుమతించిన ఇంధనమే వాడాలి. మంట అక్కర్లేదంటే పొగగొట్టానికి పైనా కిందా గాలి ఆడే ఏర్పాటు మాత్రం ఉంచండి. గాలి ఆడని గొట్టంలో తేమ చేరి గోడ మీద పసుపు మరకలుగా దిగుతుంది. గూడు చుట్టూ పెచ్చులూడిన చోట సిమెంటు పూయించకండి. మీ గోడలు కట్టింది సున్నంతో, మన ఊళ్లలో డంగు సున్నంతో కట్టిన గోడల్లాగే అవీ తేమను పీల్చి వదులుతాయి, సిమెంటు ఆ తేమను లోపలే బంధిస్తుంది. సున్నపు పని తెలిసిన తాపీవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు.

హాల్లోని టైల్స్ మీ ఇంటికి అసలైన నగ, వాటి విషయంలో మీరు అదృష్టవంతులు. రంగు పైపూత కాకుండా మట్టిలోపలి దాకా ఉండే ఆ టైల్స్‌ను స్టోక్‌లో మింటన్‌వాళ్లు, ష్రాప్‌షైర్‌లో "మా అండ్ కో" అనే కంపెనీ, క్రావెన్ డన్నిల్ వంటివాళ్లు తయారుచేసేవారు. పగిలిన వాటి బదులు యార్డు నుంచి కొనే ముందు మెట్ల కింది అల్మరాలోకి టార్చి వేసి చూడండి. అక్కడికీ అవే టైల్స్ వేసి ఉంటే వాటిని తీసి కంటికి కనిపించే చోట పెట్టి, యార్డు టైల్స్ అల్మరాలో వేయండి, ఎందుకంటే ఒకే బట్టీలో కాలినవాటి రంగుకు బయటివి పూర్తిగా కలవవు. కొనేవాటి మందం కూడా కొలుచుకోండి, పాతవి అర అంగుళం చుట్టుపక్కల ఉంటాయి, కొత్తవి పలచన. యాసిడ్‌తో కడగకండి, పైన మెరుపు పూత వేయకండి, కింది తేమకు దారి పోతుంది. ఒక ఆదివారం పాపను తీసుకుని ఐరన్‌బ్రిడ్జ్ దగ్గర జాక్‌ఫీల్డ్ టైల్ మ్యూజియానికి వెళ్లి రండి. క్రావెన్ డన్నిల్ పాత ఫ్యాక్టరీలోనే అది ఉంది. మీ హాలు నమూనాకు దగ్గరివి అక్కడ చూసి పేరు తెలుసుకుంటే వెతకడం సులువవుతుంది.

కిటికీలను యార్డులో కొనకండి. పైకీ కిందికీ జరిగే సాష్ కిటికీ ఒక తక్కెడ. గోడలోని పెట్టెలో దాగిన ఇనుప గుండ్లు తాడు మీద వేలాడుతూ చట్రాన్ని మోస్తాయి. పై చట్రం పైనే నిలిచేందుకు దాని గుండ్లు ఒక పిసరు ఎక్కువ బరువు, కింది చట్రం మూసుకుని ఉండేందుకు దాని గుండ్లు ఒక పిసరు తక్కువ. వేరే ఇంటి కిటికీ మీ గోడకు పడదు, పడినా తూకం కుదరదు. వడ్రంగితో మీ గూటి కొలతకు కొత్తవి చేయించుకుని, గుండ్లు, కప్పీలు, అలలు తేలే పాత అద్దం మాత్రం యార్డులో కొనండి. ఆ అద్దాన్ని తలుపుల్లో నేల నుంచి 1500 మిల్లీమీటర్ల లోపు, కిటికీల్లో 800 మిల్లీమీటర్ల లోపు పెట్టకూడదు, అక్కడ పగిలినా గుచ్చుకోని భద్రత అద్దమే ఉండాలి. సీలింగ్ సంగతికి వస్తే, కిందికి దించిన దానిలో చిన్న రంధ్రం చేయించి (ఆస్‌బెస్టాస్ పరీక్ష అయ్యాకే) పైకి చూడండి. కార్నిస్ ఉంటే ఒక మూర మిగిలినా చాలు, దాని నుంచి అచ్చు తీసి మిగతాది పోయిస్తారు. ఊడదీసిన ప్లాస్టర్ కార్నిస్‌ను యార్డులో కొనడం డబ్బు దండగ, అది రాలిపోతుంది.

అనుమతుల విషయం సూటిగా చెబుతాను. మోజ్లీలో కొంత భాగం కన్సర్వేషన్ ఏరియా, అంటే పాత రూపాన్ని కాపాడాలని ప్రకటించిన ప్రాంతం. మీ వీధి అందులో ఉందో లేదో, కిటికీల వంటి వాటికి అదనపు ఆంక్షలున్నాయో లేదో కౌన్సిల్‌ను అడగండి. ఇల్లు చట్టం రక్షించే జాబితాకెక్కిన కట్టడమేమో, చారిత్రక కట్టడాల బాగోగులు చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ జాబితాలో ఎవరైనా చూడవచ్చు. జాబితాలో ఉంటే అనుమతి లేకుండా లోపలి మార్పులు చేయడం కూడా నేరమే. యార్డుల్లో "ఇది ఏ ఇంటి నుంచి వచ్చింది?" అని తప్పక అడగండి. ఖాళీ ఇళ్లలో ఫైర్‌ప్లేస్‌లు దొంగిలించి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. పాత ఇళ్ల సామాను వ్యాపారుల నియమావళి అయిన సాల్వో కోడ్‌కు కట్టుబడిన వ్యాపారులు దొంగసొత్తు అనుమానమున్నది కొనబోమని, తెలియనివారు అమ్మడానికొస్తే వారి వివరాలు రాసుకుంటామని మాట ఇస్తారు. అలాంటి చోట కొని రసీదు మీద సరుకు వచ్చిన ఊరు రాయించుకోండి.

మీవారికి నా తరఫున ఒక మాట చెప్పండి. విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల పరిరక్షణ సంఘం పెట్టినప్పుడు ఆయన పోరాడింది పడగొట్టేవాళ్లతో మాత్రమే కాదు, "పునరుద్ధరణ" పేరుతో లేని పాతదనాన్ని తెచ్చి అతికించేవాళ్లతో కూడా. ఆయనంత పట్టుదల నాకు లేదు, పోయిన పొయ్యి స్థానంలో ఇంకో ఇంటి పొయ్యి పెట్టుకోవడంలో తప్పేమీ లేదనుకుంటాను. కానీ పనుల వరస మాత్రం ఇదే. మొదట పరీక్షలు, కప్పు, తేమ మరమ్మతు. ఆపైన ఉన్నవాటిని బయటకు తీయడం. ఆ తర్వాతే కొనడం. శనివారం ఆ యార్డుకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి, పాలరాతిది మాత్రం వేరేవాళ్లకు అమ్ముకోమని చెప్పి, 1890ల టైల్ పొయ్యిలు ఏమున్నాయో చూసి కొలతలు రాసుకోండి. శుక్రవారం రాత్రే ముందు గది కార్పెట్ మూల ఎత్తి పాత అరుగు వెడల్పు కొలిచి పెట్టుకోండి. ఆ అంకె నాకు రాసి పంపితే, ఏ వెడల్పు చట్రం వెతకాలో తర్వాతి సంచికలో చెబుతాను.